మొంగెను పట్టి చూసే చెయ్యి

ఓక్ దల్లే చేతివేళ్ళు చచ్చుబడి రెండు చలికాలాలు దాటింది. ఈ సంగతి సొల్గే ఊళ్ళో మరో ప్రాణికి తెలియదు. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదంటే ఎంత పకడ్బందీగా దాచిందో మీరే ఊహించుకోండి. పోయిన వారం పొయ్యి మీద మరుగుతున్న నాచు చారు గిన్నెను ఉత్త చేత్తో దించింది. వేలు కాలిందని వేలు చెప్పలేదు, ముక్కు చెప్పింది. ఏదో మాడుతోందని మొగుడు మన్‌సక్ అవతలి గదిలోంచి కేకేస్తే, చేప తోలని అబద్ధమాడి, ఆ చేతిని చన్నీళ్ళలో ముంచుకుని నిలబడింది.

పట్నం డాక్టరు చూసి, నలభై ఏళ్ళు చలినీళ్ళలో కత్తి పట్టినందుకు మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందన్నాడు. కోసి సరిచేస్తే స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. కోయించుకుంటే కట్టు కట్టాలి, కట్టు కనిపిస్తే ఊరు అడుగుతుంది. దల్లే మందుబిళ్ళలు తెచ్చుకుని ఊరుకుంది.

మరొకరి వేళ్ళయితే ఇంత గొడవ లేదు. దల్లే చెయ్యి ఊరుమ్మడి సొత్తు. సొల్గేలో పదకొండు కుటుంబాలు మొంగెల మీద బతుకుతాయి. రేవులో తెప్పలు కట్టి, తెప్పల కింద తాళ్ళు వేలాడదీసి, ఆ తాళ్ళ నిండా మొంగెలను పెంచుతారు. పిడికెడంత ఎర్రటి జీవి అది. ఒళ్ళంతా బొడిపెలు, తల లేదు, కాళ్ళు లేవు, ఉన్నవల్లా రెండు నోళ్ళు. ఒక నోటితో సముద్రాన్ని తాగి, అందులోని నలుసులు తిని, రెండో నోటితో నీళ్ళు బయటికి వదిలేస్తుంది. పుట్టినప్పుడు మాత్రం దానికి తోకా ఉంటుంది, చిటికెడు మెదడూ ఉంటుంది. ఈదుకుంటూ పోయి ఏ తాడుకో అతుక్కున్నాక ఆ రెంటినీ తనే అరిగించుకుని స్థిరపడిపోతుంది. తన పెళ్ళి ముచ్చట కూడా అచ్చంగా ఇదేనని మన్‌సక్ పెళ్ళాం వినేలా పది మందిలో చెబుతుంటాడు.

మొంగెకు ప్రాణమంతా తోలులో ఉంది. చెట్టు బెరడులో, దూదిలో ఉండే పీచే దాని తోలులోనూ ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పచ్చి ముల్లంగిలా ఎదురు తిరగాలి. మెత్తరోగం తగిలిందా, ఆ పీచు లోలోపలే తరిగిపోతూ వస్తుంది. కంటికి ఏమీ తేడా కనిపించదు. రంగు మారదు, లోపలి కండ కూడా చెక్కు చెదరదు. ఒకరోజు తోలు పిగిలి కండ సముద్రంలోకి జారిపోతుంది, తాడుకు ఖాళీ తిత్తి మిగులుతుంది. చలి ముదిరిన రోజుల్లో ఒక్క తాడుకు తగిలితే నెలలో రేవంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇరవై ఏళ్ళ కిందట పక్క రేవుకు అదే గతి పట్టింది. ఆ ఏడు సొల్గే గట్టెక్కిందంటే దల్లే అత్తగారి వేళ్ళ పుణ్యమే. పైకి నిగనిగలాడుతున్న తాడును నొక్కి చూసి, ఇది మెత్తబడుతోంది, ఒడ్డుకు లాగేయండి అని ముసలమ్మ మొండికేసింది. అత్త పోయాక ఆ పని కోడలికి వచ్చింది. దల్లే గట్టిగా ఉందంటే గట్టిగా ఉన్నట్టే.

పోయిన ఎండాకాలం సముద్రం కాగిపోయి సొల్గే తాళ్ళ మీది మొంగెలన్నీ చచ్చిపోయాయి. అందుకని నీళ్ళు చల్లబడ్డాక, నవంబరులో, తూర్పున చలినీళ్ళ రేవు నుంచి సగం పెరిగిన మొంగెల తాళ్ళు కొనుక్కొద్దామని సంఘం పెద్ద తాక్ ఇన్‌గ్యు పదకొండు ఇళ్ళవాళ్ళనూ ఒప్పించాడు. నమూనాలు ప్రయోగశాలకు పంపి కాగితం తెప్పించుకోవాలంటే పదిహేను రోజులు పడుతుంది. అమ్మేవాడు అన్నాళ్ళు ఆగనన్నాడు. కాగితమెందుకు, మన కాగితం మన పడవలోనే ఉందని తాక్ పెద్ద దల్లే వైపు చూసి నవ్వాడు. అందరూ నవ్వారు. దల్లే కూడా నవ్వింది.

ఆ చలినీళ్ళ రేవులో రెండు వరసల్లో తాళ్ళున్నాయి. బయటి వరస, లోపలి వరస. దల్లే ఒక్కొక్కటీ నొక్కింది. చెక్క నొక్కినా దూది నొక్కినా ఆ వేళ్ళకు ఒకటే. అందుకని రెండేళ్ళుగా చేస్తున్న దొంగపనే చేసింది. మొంగె నోటి అంచును గోటితో తాకి, అది ఎంత చురుగ్గా మూసుకుంటుందో కంటితో చూసింది. ఆరోగ్యంగా ఉన్నది చటుక్కున మూసుకుంటుంది. బయటి వరస అలాగే మూసుకుంది. లోపలి వరస మాత్రం తీరుబడిగా, మాట వినని పిల్లలా, కాస్త ఆగి మూసుకుంది. చలికి బద్ధకించాయిలే అని దల్లే తనకు తనే సర్దిచెప్పుకుంది. రెండు వరసలూ ఒకే నీళ్ళలో ఉన్న సంగతి ఆమెకు తెలియకపోలేదు. చుట్టూ ఇరవై మంది ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

"గట్టిగా ఉన్నాయి" అంది.

సొల్గేలో ఒక పద్ధతుంది. సరుకు పట్టి చూసి బాగుందన్నవాళ్ళు తమ వాటా అందరికన్నా ఆఖర్న తీసుకోవాలి. మంచివి తను ఏరుకుని చెత్త ఊరికి అంటగట్టిందనే మాట రాకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు. బయటి వరస తాళ్ళు పది కుటుంబాలకూ సరిపోయాయి. లోపలి వరసలో మిగిలినవి దల్లే తెప్పకు వచ్చాయి. ఆ రోజు ఆమె పడవలో కూర్చుని, పోనీలే, ఏదైనా ఉంటే నా నెత్తినే పడుతుంది అనుకుని ఊపిరి పీల్చుకుంది. సముద్రానికి గోడలుండవని అప్పుడు గుర్తుకు రాలేదు.

ఫిబ్రవరిలో వచ్చే చాంద్రమాన కొత్త ఏడాది తొలి పౌర్ణమి వెళ్ళిన మూడో రోజున తొలి తాడు ఎత్తుతారు. రేపు తొలి తాడు అనగా మధ్యాహ్నం దల్లే, మన్‌సక్ తమ తెప్ప శుభ్రం చేసుకోవడానికి వెళ్ళారు. తొలి తాడు ఎప్పుడూ పట్టి చూసేవాళ్ళ తెప్ప మీదే ఎత్తాలి. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ కత్తులు, తొట్లు, చేతితొడుగులు తెచ్చుకుని వచ్చి కూర్చుంటారు. సముద్రపు రాజుకు బియ్యపు సారా పోసి, ఆ తెప్ప పని అయ్యాక అవే తొట్లు, అవే తొడుగులతో పక్క తెప్పకు, అక్కడినుంచి ఆ పక్కదానికి పోతారు. పదకొండు తెప్పలూ తిరిగి వచ్చేదాకా ఆ సామానుకు మంచినీళ్ళు తగలనివ్వరు. తగిలితే సముద్రం అలుగుతుందంటారు. సముద్రం అలిగిందో లేదో గానీ, ఈ లెక్కన ఒక తెప్ప మీది రోగం పదకొండు తెప్పలకూ మర్యాదగా మోసుకుపోయినట్టే.

మన్‌సక్ కప్పీ తిప్పి ఒక తాడు పైకి లాగాడు. ఎర్రగా, నిండుగా వచ్చింది. చివర్న ఒకచోట తిత్తి ఒకటి ఖాళీగా వేలాడుతోంది. ఎండ్రకాయ ఏదో కొరికి ఉంటుందని అతను దాన్ని పీకి నీళ్ళలోకి విసరబోయాడు. దల్లే లాక్కుంది. తిత్తి అంచులు కొరికినట్టు లేవు, నానిన కాగితంలా పిగిలి ఉన్నాయి. పక్కనున్న మొంగెను తెంపి వేళ్ళ మధ్య నొక్కింది, ఏమీ తెలియలేదు. రెండు చేతులతో నొక్కింది. అప్పుడు, ఇంకేం చెయ్యాలో తోచక, దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని నొక్కి చూసింది.

చచ్చింది వేళ్ళే గానీ పెదవులు కాదు కదా. మొంగె తోలు మెత్తగా లొంగింది. చిన్నపిల్ల చెవితమ్మెలా లొంగింది.

మరోటి తెంపింది, అదీ అంతే. తాడు మధ్యలోంచి తెంపింది, పైనుంచి తెంపింది. రెండో తాడు, మూడో తాడు ఎత్తమంది. ఎక్కడ ముట్టుకున్నా ఇసుమంతైనా ఎదురు తిరగడం లేదు. పెళ్ళాం మొంగెలను వరసగా ముద్దులాడటం చూసి మన్‌సక్ మొదట పకపకా నవ్వాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు ఇన్ని దక్కలేదే అన్నాడు. ఆ తరవాత ఆమె మొహం చూశాడు.

దల్లే తెప్ప మీద కూలబడి అంతా చెప్పేసింది. వేళ్ళ సంగతి, డాక్టరు సంగతి, నవంబరులో కంటితో చూసి నోటితో అబద్ధమాడిన సంగతి. అతను చుట్టుపక్కల తెప్పల వైపు ఒకసారి కలయజూశాడు.

"ఎవరికీ చెప్పలేదు కదా?" అని అడిగాడు.

"నీకే ఇప్పుడు చెబుతున్నా."

"అయితే ఇంకెవరికీ చెప్పకు. ఈ తాళ్ళన్నీ కోసి ఇక్కడే ముంచేద్దాం. పెనుగాలికి తెగిపోయాయంటే సరిపోద్ది. నీకు జ్వరమొచ్చిందని చెబుతా, తొలి తాడు తాక్ పెద్ద తెప్ప మీద ఎత్తుకుంటారు. మన బతుకు మనం ఎలాగోలా ఈడుద్దాం గానీ, ఊరు నీ మొహాన ఉమ్మేస్తే నేను చూడలేనే."

ఆమె మీది ప్రేమకొద్దీ అన్నాడు పాపం. దల్లే వద్దనలేదు. ఆ క్షణాన ఆమెకు కావలసింది కూడా అదే, అందులో దాపరికమేముంది. అత్తగారి పేరు, తన పేరు, నలభై ఏళ్ళ మర్యాద ఒక్క పూటలో మట్టిగొట్టుకుపోకుండా ఉంటే చాలనుకుంది. మన్‌సక్ కత్తి తీసి మొదటి తాడు కోశాడు. బరువైన తాడు కదా, గుడగుడమంటూ కిందికి పోయింది. దానితోపాటు నాలుగైదు ఖాళీ తిత్తులు ఊడి నీళ్ళ మీద తేలాయి. పోటు మొదలైనట్టుంది, అవి ఒకదాని వెనక ఒకటి వరసగా కదిలి యోన్‌సిల్ తెప్ప వైపు సాగిపోయాయి.

యోన్‌సిల్ తెప్ప అక్కడికి కూతవేటు దూరం. మొగుడు పడవ తిరగబడి పోయాక ఒంటరిగా తాళ్ళు వేసుకుంటున్న మనిషి. నవంబరులో, కొనాలా వద్దా అని ఊగిసలాడుతుంటే, దల్లేక్క గట్టిగా ఉన్నాయందిగా, ఇంకేం కావాలి అంటూ ఉన్నదంతా ఊడ్చి పెట్టింది. ఆ తిత్తులు ఆమె తాళ్ళ మీదుగా పోవడం దల్లే చూసింది. మన్‌సక్ రెండో తాడు మీద కత్తి పెట్టాడు. దల్లే లేచి అతని మణికట్టు పట్టుకుంది.

"చాలయ్యా. వద్దు. ఇంకోటి కోశావంటే నీకూ నాకూ చెల్లు."

ఆ రాత్రి మొగుడూపెళ్ళాలు అన్నం ముందు కూర్చున్నారు గానీ చెంచాలు ఎత్తలేదు. దల్లేకు నిద్ర పట్టలేదు. ఊరి ఆడవాళ్ళు ఏమంటారో, ఎవరు ముందు అంటారో వరసగా ఊహించుకుంది. అన్నింటికన్నా ఎక్కువగా ఆ ముంచేసిన తాడు ఆమెను తినేసింది. వేళ్ళు చచ్చుబడటం తన చేతిలో లేదు. అబద్ధమాడటం భయంకొద్దీ చేసింది. ఆ తాడు మాత్రం కళ్ళు తెరుచుకుని, తెలిసి తెలిసి, వెలుతురులో చేసిన పని.

తెల్లవారి జెట్టీ మీదికి అందరూ వచ్చారు. పూలపూల జాకెట్లు, రబ్బరు బూట్లు, తలగుడ్డలు, తొట్ల మోత, ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకోవడం. యోన్‌సిల్ కొత్త తొడుగులు వేసుకుని, ఈ ఏడు దల్లేక్క పక్కనే కూర్చుంటానని ముందే చోటు అడిగేసింది. తాక్ పెద్ద సారా సీసా చంకన పెట్టుకుని పడవ ఎక్కబోతున్నాడు. దల్లే జెట్టీ చివర అడ్డంగా నిలబడింది.

ఆమె మనసులో చెప్పుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఆ వరసలో రాలేదు. తెప్ప ఎక్కొద్దు, మెత్తరోగం వచ్చింది అంది. నవంబరులో నా వేళ్ళకు ఏమీ తెలియలేదు అంది. రెండేళ్ళుగా తెలియడం లేదు అంది. ఎవరూ నమ్మలేదు. తాక్ పెద్ద నవ్వబోయాడు. అప్పుడు ఆమె జేబులోంచి మొంగెలు కోసే కత్తి తీసి, చూపుడువేలి కొసను కోసుకుంది. రక్తం బొటబొటా కారింది. ఆమె రెప్ప కూడా వెయ్యలేదు. తాక్ పెద్ద సారా సీసా కింద పెట్టేశాడు.

"ఇంకోటుంది" అంది దల్లే. "నిన్న ఒక తాడు కోసి నీళ్ళలో ముంచేశాం. ఎవరికీ తెలియకూడదని. యోన్‌సిల్ తెప్పకు ఎగువన."

మన్‌సక్ ముందుకొచ్చి, కోసింది నేను, ఆమె కాదు అన్నాడు. ఎవరూ అతని వంక చూడలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఒకామె తన తొడుగులు ఊడదీసి, వాటికేదో అంటినట్టు వేలి చివరలతో పట్టుకుంది. అవి ఇంకా నీళ్ళు కూడా తాకలేదు. కాగితం కోసం ఆగి ఉండవలసింది నేనే అని తాక్ పెద్ద గొణిగాడు, వినేవాళ్ళెవరూ లేరు. యోన్‌సిల్ మాత్రం దల్లేకు ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నారు. ఆమె కొట్టలేదు.

"నువ్వు చూస్తానన్నా నా తాళ్ళ మీద చెయ్యి వెయ్యకక్కా" అంది. "నా తెప్ప ఛాయలకి కూడా రాకు."

మర్నాటికి సముద్ర శాఖ నుంచి ఒక చిన్న వయసు అధికారిణి వచ్చింది. గజ ఈతగాణ్ణి దింపి మునిగిన తాడు పైకి లాగించింది, దల్లే తెప్ప తాళ్ళన్నీ ఒడ్డుకెక్కించి సున్నం పోసి పాతించింది. తొట్లు, కత్తులు, పడవలు అన్నీ మంచినీళ్ళతో, మందుతో కడిగించింది. సముద్రం అలుగుతుందని ఆ రోజు ఎవరూ అనలేదు. పోయేముందు జెట్టీ మీద ఒక జబ్బు మొంగెను నిలువునా చీల్చి అందరికీ చూపించింది. రెండు తోకల సూక్ష్మజీవి నోటి అంచు దగ్గర దూరి తోలులోనే కాపురం పెడుతుందట, లోపలికి పోదట. అందుకే లోపల ఏ లోటూ లేదు. పసుపు కండ మెరుస్తోంది. సన్నటి గుండె ఒక వైపుకు నెత్తురు తోస్తూ కొట్టుకుంది, కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. దల్లే కూడా ఊపిరి బిగబట్టింది. కాసేపాగి ఆ గుండె రెండో వైపుకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. మొంగె గుండె తీరే అంత, దిక్కు మార్చుకునేముందు ఆగుతుందని ఆ పిల్ల చెప్పింది. ఇంత ఆరోగ్యంగా ఉన్న ప్రాణి తోలు కరిగి చస్తోందంటే దల్లేకు నమ్మబుద్ధి కాలేదు.

ఇరవై రోజులు రేవులో తాళ్ళు కదపకూడదని, ఇరవయ్యో రోజున మళ్ళీ వచ్చి చూస్తానని అధికారిణి చెప్పింది. ఇప్పటి చలి ఆ రోగానికి సరిగ్గా ఇష్టమైన చలి. యోన్‌సిల్ తాళ్ళకు అంటి ఉంటే ఈ ఇరవై రోజుల్లో బయటపడుతుంది. అంటకపోతే ఊరు బతికినట్టే. ఎందుకంటే దల్లే తెప్ప తరవాత పోటు తగిలేది యోన్‌సిల్ తెప్పకే, మిగిలినవన్నీ దాని వెనక.

ఆ ఇరవై రోజులూ సొల్గే ఊళ్ళో మనుషులు గట్టిగా మాట్లాడుకోలేదు. దల్లే కొట్టుకు పోతే ముందున్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మన్‌సక్ జోకులెయ్యడం మానేసి కప్పీకి నూనె రాస్తూ కూర్చున్నాడు, ఎత్తడానికి తాడు లేని కప్పీకి. దల్లే పొద్దున్నే ఇంటి వెనక గట్టు మీదికి పోయి నిలబడేది. అక్కడినుంచి యోన్‌సిల్ తెప్ప కనబడుతుంది. ఆ మనిషి బోర్లా పడుకుని, తొడుగులు లేకుండా, నీళ్ళలోకి చేతులు పెట్టి మొంగెలను ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటూ ఉండేది. పొద్దున నొక్కినవే మధ్యాహ్నం, మధ్యాహ్నం నొక్కినవే సాయంత్రం. ఆమె ఎక్కడైనా ఆగి, ఒకే మొంగెను రెండుసార్లు నొక్కిందంటే గట్టు మీద దల్లే అంచు దాకా జరిగేది. దేవుడా, నా రెండు చేతులూ మొదలంటా తీసుకో, ఆ పిల్ల తాళ్ళు వదిలెయ్ అని మొక్కుకుంది. ఏ దేవుడికి మొక్కుతోందో ఆమెకే తెలియదు.

పందొమ్మిదో రోజు సాయంత్రం, వెలుతురుండగానే, యోన్‌సిల్ దల్లే ఇంటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో బుట్ట. చేతులు మణికట్టు దాకా ఎర్రబడి, ఉబ్బి, పగిలి ఉన్నాయి. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం మీదే కూర్చుంది.

"నాకు తెలీట్లేదక్కా" అంది యోన్‌సిల్. "నిన్నటిదాకా తెలిసింది. పొద్దుట్నుంచీ ఏది నొక్కినా గట్టిగానే ఉన్నట్టుంది, ఏది నొక్కినా మెత్తగానే ఉన్నట్టుంది. నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. రేపు ఆవిడొచ్చి అడిగితే ఏం చెప్పను? తెలీదంటే మొత్తం పాతిపెట్టమంటదేమోనని భయంతో, గట్టిగానే ఉన్నాయని చెప్పేద్దామని తెప్ప మీద కూచుని గట్టిగా అనుకున్నా కూడా. అనుకుని... ఇటొచ్చాను."

దల్లేకు ఏడుపొచ్చింది. ఆపుకుంది. లోపలినుంచి గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ముందు యోన్‌సిల్ చేతులు అందులో పెట్టించింది. తరవాత బుట్ట ముందుకు లాక్కుంది. ఇరవై మొంగెలు, ఇరవై తాళ్ళ నుంచి తెంపుకొచ్చింది. దల్లే మొదటిదాన్ని తీసి పెదవుల మధ్య నొక్కింది. ఒక వైపు నొక్కింది, తిప్పి రెండో వైపు, రెండు నోళ్ళ అంచులా. ఏ మాటా చెప్పకుండా యోన్‌సిల్ చేతికిచ్చి, పెదవులతో నొక్కి చూడమని సైగ చేసింది. యోన్‌సిల్ నొక్కింది. అలా ఒకటి తరవాత ఒకటి. ఉప్పునీళ్ళు ఇద్దరి గడ్డాల మీదుగా కారాయి. మన్‌సక్ వాకిట్లోకి వచ్చి, చూసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పదకొండోది దల్లే పెదవుల మీద చాలాసేపు ఉండిపోయింది. యోన్‌సిల్ ఆమె కళ్ళలోకి చూడలేక నేలకేసి చూసింది. దల్లే దాన్ని తీసి, తిప్పి, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు ఇచ్చింది.

ఇరవయ్యోది అయ్యాక యోన్‌సిల్ అడిగింది, ఏమంటావక్కా అని.

"నేనేమీ అనను" అంది దల్లే. "నా మాట మీద నువ్వొకసారి తాళ్ళు వేసుకున్నావు. ఈసారి నువ్వే చెప్పు."

యోన్‌సిల్ ఆఖరి మొంగెను మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపటి తరవాత దాన్ని బుట్టలో పెట్టి, ఎవరో వింటారన్నంత మెల్లగా అంది.

"గట్టిగా ఉన్నాయి."

అన్న మరుక్షణం ఆమె మొహం పాలిపోయింది. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదని, రేపు అది ఊరి నెత్తిన నిలబడుతుందని ఆమెకు అప్పుడే తట్టింది. రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. ఆ భయం ఎలాంటిదో దల్లేకు తెలుసు. నవంబరులో అది తన గొంతు దాకా వచ్చినప్పుడు, తను దాన్ని మింగేసి నవ్వింది.

"పొద్దున్నే ఆవిడొచ్చేలోపు ఇంకో ఇరవై చూద్దామా అక్కా?" అంది యోన్‌సిల్.

"పొద్దున్న దాకా ఎందుకు" అంటూ దల్లే లేచి తలగుడ్డ చుట్టుకుంది. "ఇంకా వెలుతురుంది. పద, నీ తెప్ప మీదికే పోదాం, నువ్వు రానిస్తే."

యోన్‌సిల్ బుట్ట ఎత్తుకుని, ఒక చెయ్యి ఆమెకందించింది.